కంద, చేమ మొక్కల్లో చేయి పెట్టే ముందు

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. మిద్దె తోటలో వీటి కుండీలు మార్చే చేతులకు మాత్రం ఆ దురద తప్పదు. కంద, చేమ, ఇళ్ళలో అందానికి పెంచే డిఫెన్‌బాకియా, చివరికి గుమ్మం పక్కన పాకే మనీప్లాంట్ కూడా ఒకే కుటుంబం. వీటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కట్టలు కట్టిన సూదుల్లా ఉంటాయి. ఆకు తుంచగానే చర్మంలో గుచ్చుకుంటాయి.

హైదరాబాద్‌లో తొలకరికి కంద నాటేవారు ముందు ఇవి చూసుకోండి:

– పొడవు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు. తొడుగు లేకపోతే చేతులకు నూనె రాసుకోవడం మన వంటిళ్ళ పద్ధతే.

– దుంపను కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నడినెత్తి మొలకలో కొంత భాగం రావాలి. పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టాకే పాతండి.

– పని మధ్యలో కన్ను నలుపుకోవద్దు. నేనొకసారి నలుపుకున్నాను, సాయంత్రం దాకా ఏడుపే. రసం కంట్లో పడితే పావుగంట మంచినీళ్ళతో కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

– డిఫెన్‌బాకియా పిల్లలకు అందకూడదు. నమిలితే నాలుక వాచి మాట రాదు. వాంతి చేయించవద్దు, నోరు తుడిచి, చల్లని నీళ్ళతో పుక్కిలింపజేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వానల్లో అనంతగిరి అడవికి వెళ్ళేవారు మచ్చల కాడ మీద గొడుగులా విచ్చిన ఆకు కనిపిస్తే పెకలించకండి. అడవి కంద నాటు కందకన్నా ఘాటు. దగ్గర్లో చచ్చిన ఎలుక కంపు వస్తే వెతక్కండి, ఆ కంద పువ్వే ఈగల్ని, పురుగుల్ని పిలుచుకుంటోంది.