కొత్త హ్యాండ్‌హెల్డ్ చిప్ వచ్చిందని లొల్లి మొదలైతే ఎవరి మాట వినాలి?

గేమింగ్ హ్యాండ్‌హెల్డ్‌ల కోసం, అంటే చేతిలో పట్టుకుని ఆడే చిన్న కంప్యూటర్ల కోసం, కొత్త చిప్ వచ్చిందంటే చాలు, రెండే మాటలు వినపడతాయి. "దీని ముందు పాతవన్నీ దండగ" అని ఒకరు, "పైసలు బొక్క" అని ఇంకొకరు. మిర్యాలగూడలో ఉండే మా మేనల్లుడు పొద్దున్నే ఈ రెండిట్లో ఏదో ఒకటి చదివేసి ఫోన్ చేస్తాడు, "మామా, కొనేద్దామా, ఆగుదామా?" అని. వాడికి ఫోన్‌లో చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకే రాసి పెడుతున్నా.

ముందు పేరు పక్కన పెట్టండి. మన దగ్గర వరి విత్తనాలకు పోయినవాళ్లు బస్తా మీద కంపెనీ పేరు చూసి తెచ్చుకోరు కదా, 1010 ఆ, బీపీటీ ఆ అని రకం అడుగుతారు. చిప్‌కూ రకమే అడగాలి. చిప్‌లు చేసే ఏఎండీ వాళ్ల జెడ్2 సంగతే తీసుకోండి. 2025లో ఆ ఒక్క పేరు మీద ఎన్ని రకాలు దించారో చూస్తే నవ్వొస్తుంది. కోర్లంటే లెక్కలు చేసే భాగాలు, గ్రాఫిక్స్ యూనిట్లంటే బొమ్మ గీసేవి, జెన్ పక్కన నంబర్ పెద్దదైతే కొత్త తరం. జెడ్2 ఎక్స్‌ట్రీమ్‌లో జెన్ 5 తరం కోర్లు 8, గ్రాఫిక్స్ యూనిట్లు 16. ఉత్త జెడ్2 అయితే జెన్ 4 కోర్లు, 12 యూనిట్లు. జెడ్2 గోలో నాలుగే కోర్లు, అవీ జెన్ 3 ప్లస్. ఇక జెడ్2 ఏ అయితే మరీ, నాలుగు జెన్ 2 కోర్లు, 8 యూనిట్లు, అంటే 2022లో వచ్చిన వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్‌లో ఉన్న సరుకే ఇంచుమించు. అందుకే ఒకాయన జెడ్2 సూపర్ అంటే ఇంకొకాయన వేస్ట్ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, కాకపోతే ఇద్దరి చేతుల్లో ఉన్నవి వేరే వేరే చిప్‌లు. మీరు చదువుతున్న మాట ఏ రకం గురించో తేలకపోతే దాన్ని వదిలేయండి.

టెరాఫ్లాప్స్ లెక్క (చిప్ సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందో) చెప్పి ఎవరైనా గొప్పలు పోతే అసలే నమ్మొద్దు. జెడ్2కు ముందు తరమైన జెడ్1 ఎక్స్‌ట్రీమ్‌కు ఏఎండీ చెప్పిన లెక్క 8.6, స్టీమ్ డెక్‌కు వాల్వ్ చెప్పింది 1.6. కాగితం మీద ఐదింతలు. గేమ్ పెట్టి చూస్తే ఐదింతలు కాదు కదా, దరిదాపుల్లో కూడా ఉండదు. కొత్త తరంలో లెక్క కట్టే పద్ధతే వేరు, పైగా ఈ చిప్‌లలో గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌నే పంచుకోవాలి. బోరుకు పెద్ద మోటారు బిగించి పైపు మాత్రం పాతదే ఉంచితే నీళ్లు ఎన్ని వస్తాయి? 12 యూనిట్ల నుంచి 16కు పెంచినా జంప్ చిన్నగానే ఉందని చాలామంది పెదవి విరిచింది అందుకే.

ఇప్పుడు అసలైన ముచ్చట, వాట్లు, అంటే చిప్ తినే కరెంటు. ఎవరైనా "సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) వస్తున్నాయి" అంటే మీరు అడగాల్సింది ఎన్ని వాట్ల మీద, ఛార్జర్ పెట్టి ఆడారా తీసి ఆడారా అని. జెడ్1 ఎక్స్‌ట్రీమ్ 9 నుంచి 30 వాట్ల దాకా నడుస్తుంది, స్టీమ్ డెక్ చిప్ 15 దాటదు. 30 దగ్గర బ్రహ్మాండంగా ఉన్న చిప్ 15కు దించేసరికి నీరసపడొచ్చు, 10 దగ్గరైతే పాత డెక్ కూడా దానితో సమానంగా కొట్లాడుతుంది. నేను ఒకసారి ఇక్కడే బోల్తా పడ్డాను. ప్లగ్‌లో పెట్టి తీసిన వీడియో చూసి మురిసిపోయి ఒకటి కొన్నాను, దాని పేరెందుకు లెండి, తప్పు నాదే. నల్లగొండలో బస్సెక్కి ఫుల్ స్పీడ్ మోడ్ పెట్టి ఆట మొదలుపెడితే చౌటుప్పల్ దాటకముందే స్క్రీన్ నల్లబడింది, ఎల్బీ నగర్ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా.

ఆ రోజు చేయాల్సిన లెక్క చాలా చిన్నది. బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లో చూడండి, చిప్ వాట్లకు స్క్రీన్, ఫ్యాన్, వైఫై కోసం ఇంకో ఏడెనిమిది కలపండి, భాగించండి. ఆసుస్ వాళ్ల హ్యాండ్‌హెల్డ్, మొదటి ఆర్ఓజీ ఆలైలో 40 వాట్ అవర్ల బ్యాటరీ. చిప్‌ను 25 మీద నడిపితే మొత్తం 33 దాకా పోతుంది, గంటా పావు కూడా నిలవదు. అదే 15కు దించితే గంటా ముప్పావు. 2024లో వచ్చిన ఆలై ఎక్స్‌లో బ్యాటరీ 80, చిప్ మాత్రం పాత జెడ్1 ఎక్స్‌ట్రీమే, అయినా జనం సంతోషపడ్డారు. నన్నడిగితే కొత్త చిప్ కంటే పెద్ద బ్యాటరీకే పైసలు పెట్టొచ్చు.

ఆ 60 ఫ్రేముల్లో ఫ్రేమ్ జనరేషన్, అంటే మధ్యలో సాఫ్ట్‌వేర్ కల్పించి చేర్చే ఫ్రేములు, ఉందేమో కూడా కనుక్కోండి. 30 ఒరిజినల్, 30 కల్పించినవి అయితే స్క్రీన్ నున్నగా కనిపిస్తుంది గానీ బటన్ నొక్కినప్పుడు ఆ లేటు అలాగే ఉంటుంది. రిజల్యూషన్ (బొమ్మలో చుక్కల లెక్క) కూడా అంతే, 1280 బై 800 మీద వచ్చిన ఫ్రేములను 1080పీ వాటితో పోల్చి కొట్లాడుకునేవాళ్లు కోకొల్లలు.

మాట ఎప్పుడు అన్నారో తేదీ చూడండి. ఎంఎస్ఐ వాళ్ల హ్యాండ్‌హెల్డ్ క్లా 2024లో ఇంటెల్ కోర్ అల్ట్రా చిప్‌తో వచ్చినప్పుడు అందరూ తిట్టిపోశారు, కారణం చాలావరకు డ్రైవర్లే (చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్), తర్వాత అప్‌డేట్లతో కొంత మెరుగుపడింది. ఆ వెనక ఇంటెల్ వాళ్లదే లూనార్ లేక్ తరం చిప్‌తో వచ్చిన క్లా 8 ఏఐ ప్లస్‌ను మెచ్చుకున్నవాళ్లలో మొదటిదాన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. మొదటి రోజు పొగడ్తా, మొదటి రోజు తిట్టూ రెండూ పచ్చికాయలే, నెలన్నర ఆగి చదవండి.

అన్నవాళ్ల చేతిలో అంతకుముందు ఏముందో కూడా గమనించండి. నిన్నటిదాకా జెడ్1 ఎక్స్‌ట్రీమ్ వాడినాయనకు జెడ్2 ఎక్స్‌ట్రీమ్ చప్పగా అనిపిస్తుంది, ఫోన్‌లో ఆడుకునే మా వాడికి అదే చిప్ స్వర్గం. ఇంకోటి, చలిదేశాల్లో కూర్చుని "ఫ్యాన్ శబ్దమే లేదు" అనేవాళ్ల మాట మే నెలలో నల్లగొండకు పనికిరాదు. 44 డిగ్రీల ఎండలో, కూలర్ ముందు కూర్చున్నా సరే, చేతిలో ఆ డబ్బా ఎలా ఉంటుందో ఎవరూ టెస్ట్ చేయరు.

ఇవన్నీ అయ్యాక కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకో ఇంకెక్కడికో పోతే, షాపులో ఛార్జర్ తీయించి, 15 వాట్ల మోడ్ పెట్టించి, మీరు నిజంగా ఆడే గేమ్ ఇరవై నిమిషాలు ఆడండి. డెమో గేమ్ కాదు, మీ గేమ్. వద్దంటే ఇంకో షాపు చూసుకోండి. స్టీమ్ డెక్ మీద మనసు ఉంటే వాల్వ్ దాన్ని మన దేశంలో నేరుగా అమ్మట్లేదు, బయటి నుంచి తెచ్చినవాళ్ల దగ్గర తీసుకుంటే వారంటీ ఎవరు చూస్తారో పైసలు కట్టకముందే అడగండి.

మా వాడు ఇవన్నీ విని నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. "మామా, 15 వాట్ల మీద టెస్ట్ చేసిన వీడియో ఒకటి దొరికింది, కానీ ఆయన మాట్లాడేది జర్మన్" అన్నాడు. నంబర్లు చదవడానికి జర్మన్ ఎందుకురా అన్నా.