అద్దె ఇంటి రిపేర్లకు డబ్బు తీసే ముందు

కడపలో అద్దెకిచ్చే ఇల్లు బాగు చేయించాలనుకుంటే మొదట లెక్క వేసుకోండి. 96,000 ఖర్చుపెడితే అద్దె నెలకు 1,000 పెరుగుతుందనుకుందాం. ఆ డబ్బు తిరిగి రావడానికి 8 ఏళ్లు పడుతుంది.

– వాన పడిన మర్నాడు మిద్దె ఎక్కండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసి, ముందు అది సరిచేయించండి. కారే స్లాబు కింద ఎంత ఖరీదైన పెయింటు వేసినా పొక్కులు లేచి రాలిపోతుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, రంగుతో మొదలుపెడతారు.

– వైరింగ్, ఎర్తింగ్ దగ్గర మాత్రం బేరం వద్దు. ఆ ఇంట్లో పసిపిల్లలు తిరుగుతారు.

– కడప బండలు పగలకుండా ఉంటే తీసేయకండి. పాలిష్ పట్టిస్తే చాలు, టైల్స్ ఖర్చు మిగులుతుంది.

– మేస్త్రీతో కూలి వేరుగా, సామాను వేరుగా కాగితం మీద రాయించుకోండి. అనుకోని పనికి పదో వంతు పక్కన పెట్టుకోండి.

– ఆదాయపు పన్నులో, మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెపై 30 శాతం తగ్గింపు ఇస్తారు. రిపేర్లకు ఎంత ఖర్చయినా అంతే. బిల్లులు చూపిస్తే పన్ను ఇంకా తగ్గుతుందన్న ఆశతో ఎక్కువ పెట్టకండి.

– ఇప్పటికే అద్దెకున్నవాళ్లుంటే, వాళ్లకు ఏది ఇబ్బందిగా ఉందో అడగండి.