వెలిసిపోతున్న పగడపు దిబ్బను క్రోషియాతో అల్లడం ఎలా?

2005లో లాస్ ఏంజెలెస్‌లో ఆస్ట్రేలియాకు చెందిన కవల సోదరీమణులు మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ తమ దేశ తీరంలోని భారీ పగడపు దిబ్బ గ్రేట్ బారియర్ రీఫ్‌కు జరుగుతున్న నష్టాన్ని చూపడానికి క్రోషియాతో పగడాలు అల్లడం మొదలుపెట్టారు. ఆ పని తరువాత అనేక దేశాల్లో వేలమంది చేతుల మీదుగా సాగింది. నరసాపురం లేసు పుట్టిన నేలపై ఈ సూది కొత్తది కాదు.

అల్లే ముందు అసలు విషయం తెలియాలి. పగడపు జీవుల కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలే (కంటికి కనిపించని నాచు జాతి జీవులే) వాటికి రంగును, ఆహారంలో అధిక భాగాన్ని ఇస్తాయి. నీటి వేడి వేసవి గరిష్ఠాన్ని ఒక్క డిగ్రీ దాటి కొన్ని వారాలు నిలిస్తే పగడం ఆ శైవలాలను వెళ్లగొడుతుంది, అప్పుడు లోపలి సున్నపు అస్థిపంజరం తెల్లగా బయటపడుతుంది. ఆ దశలో పగడం ఇంకా బతికే ఉంటుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకోగలదు.

నూలు దారాన్నో, మిగిలిపోయిన ఊలునో తీసుకోండి. సముద్రం కోసం చేసే పనికి ప్లాస్టిక్ పోగులు రాల్చే యాక్రిలిక్ దారం కొనడం నాకు సమ్మతం కాదు. నాలుగు మిల్లీమీటర్ల సూదితో ఇరవై గొలుసు కుట్లు వేసి, వాటిపై వరుసగా సింగిల్ కుట్లు అల్లుతూ, ప్రతి మూడో కుట్టులో ఒకటికి బదులు రెండు వేయాలి. వరుస పెరిగేకొద్దీ అంచు తనంతట తానే అలలుగా ముడుచుకుంటుంది. ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే మెదడు మడతల్లాంటి పగడం వస్తుంది. ఈ వంపుల జ్యామితిని క్రోషియాతో తొలిసారి చూపినవారు గణిత శాస్త్రవేత్త డైనా టైమిన్య, 1997లో.

రంగుల ఎంపికలోనే కళకు అసలు పరీక్ష. తెల్ల పగడాలు మాత్రమే పెడితే చూపరులు అందంగా ఉన్నాయని వెళ్లిపోతారు, కాబట్టి మూడు దశలూ చూపాలి: నిండు రంగులు, తెలుపు, చనిపోయాక నాచు పట్టిన మురికి ఆకుపచ్చ. 2016 వేడికి గ్రేట్ బారియర్ రీఫ్‌లో లోతు తక్కువ నీటి పగడాల్లో దాదాపు 30 శాతం నశించాయి గనుక, పదింటిలో మూడింటిని నాచు రంగులో అల్లండి. మిగిలిన వాటిలో కొన్నిటిని సగం రంగుతో మొదలుపెట్టి తెలుపులో ముగిస్తే కోలుకునే అవకాశమూ కనిపిస్తుంది.

అన్నిటినీ గోనెపట్టపై ఒకదానికొకటి తాకేలా కుట్టి, పక్కన చిన్న చీటీ పెట్టి, దానిపై సంవత్సరం, చోటు, ఆ 30 శాతం అంకె, అల్లినవారందరి పేర్లు రాయండి.