తోలు అంచుకు గీత ఎలా పెట్టాలి? పర్లాకిమిడి కొమ్ము పనిముట్టుతో

మంచి బెల్టు చేతికి దొరికితే దాని అంచును వేలితో తడిమి చూడండి. అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల లోపలగా, బెల్టు పొడవునా ఒక సన్నని గీత వేలికి తగులుతుంది. అది కత్తితో కోసింది కాదు, తోలును అదిమి పెట్టిన గీత. చౌకగా అమ్మే బెల్టుల్లో చాలావాటికి అది ఉండదు. ఉన్నా, అచ్చుయంత్రంతో ఒత్తిన ఆ గీత తేలిపోయినట్టు కనిపిస్తుంది. చేత్తో చేసే తోలు పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఈ గీత పెట్టడమే. దానికి ఖరీదైన పనిముట్టు కూడా అక్కర్లేదు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మహేంద్రతనయ ఏటి పక్క ఊరు. 1936లో ఒడిశాలో కలిసినా ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో రెండు భాషలూ వినిపిస్తాయి. ఊరికి కొమ్ము పనితో పేరుంది. గేదె కొమ్మును కోసి, వేడి చేసి, వంచి, కొంగలు, దువ్వెనలు, కర్రల పిడులు చేస్తారు. ఒడియాలో కొమ్మును శింగ అంటారు. తోలు అంచుకు గీత పెట్టే పనిముట్టుకు ఈ కొమ్ము ఎంత బాగా పనికొస్తుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

గీత వల్ల ఏం జరుగుతుంది

తోలు పైపొరలో నారలు చిక్కగా, దగ్గరగా అల్లుకుని ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ వదులవుతాయి. కోసిన అంచు దగ్గర ఈ నారలకు పట్టు ఉండదు. అందుకే వాడగా వాడగా అంచు పీచులాగా విచ్చుకుంటుంది. అంచుకు సమాంతరంగా గీత అదిమితే ఆ చోట నారలు దగ్గరకు చేరి గట్టిపడతాయి, అంచు వరస నిలబడుతుంది. రెండు పొరలు అతికించిన చోట అయితే అతుకు ఇంకా బిగుస్తుంది. కుట్టు వేయబోతే దారం ఆ గీతలో కూర్చుంటుంది కాబట్టి రాపిడికి తొందరగా అరగదు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. కుట్టు కోసం గాడి తీసే పనిముట్టు ఒకటుంది. అది తోలు పైపొరను సన్నని దారంలాగా కోసి తీసేస్తుంది. చిక్కటి నారలున్నది ఆ పైపొరలోనే. గీత పనిముట్టు ఏమీ కోయదు, అదుముతుంది అంతే. పర్సు లాంటి పలుచని పనిలో గాడి తీయడాన్ని నేను అసలు ఒప్పుకోను.

పనిముట్టు

దుకాణాల్లో దీన్ని క్రీజర్ అంటారు. రెండు కాళ్లున్న చిన్న పనిముట్టు ఇది. పొడవు కాలు తోలు అంచు పక్కగా ఆనుకుని నడుస్తుంది, పొట్టి కాలు తోలు మీద గీత పెడుతుంది. రెండు కాళ్ల మధ్య ఎంత దూరముంటే గీత అంచుకు అంత దూరంలో పడుతుంది. దూరాన్ని మరతో మార్చుకునే రకం కూడా ఉంది. ఇనుపవి, ఇత్తడివి, కరెంటుతో వేడెక్కేవి దొరుకుతాయి.

నేను మొదట వాడింది ఇనుపది. ఒకరికి బెల్టు చేసిచ్చే తొందరలో తడి తోలు మీద దాన్ని నడిపాను. తెల్లారేసరికి గీత పొడవునా నల్లటి మచ్చలు. చెట్టు పట్టతో పదును చేసిన తోలులో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. తడి ఉన్నప్పుడు ఇనుము తగిలితే ఆ రెండూ కలిసి నలుపు రంగు పుడుతుంది. పాతకాలంలో కరక్కాయతో, ఇనుముతో సిరా చేసింది ఈ గుణంతోనే. ఆ బెల్టును మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. కొమ్ముతో, ఇత్తడితో, తుప్పు పట్టని స్టీలుతో ఈ బాధ లేదు.

కొమ్ము పనిముట్టును మీరే చేసుకోవచ్చు. గేదె కొమ్ము కొన దగ్గర బోలు ఉండదు, గట్టిగా ఉంటుంది. అక్కడినుంచి సుమారు 12 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయించుకోండి. ఒక చివర సన్నని ఆకురాయితో గాడి కోసి రెండు కాళ్లు చేయండి. బయటి కాలు లోపలి కాలికంటే రెండు మూడు మిల్లీమీటర్లు పొడవుండాలి. లోపలి కాలి కొన గుండ్రంగా ఉండాలి. పదునుంటే తోలు తెగుతుంది, మరీ మొద్దుగా ఉంటే గీత పాలిపోతుంది. గరుకు కాగితంతో 120, 240, 400, 600 నంబర్ల వరుసలో రుద్దండి. చివరికి నూనె, మెత్తటి బూడిద కలిపి గుడ్డతో మెరుగు పెట్టండి. వేలిగోటితో గీరినా ఎక్కడా పట్టకూడదు. ఆ నునుపే సగం పని. రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కొమ్ము గేదెదే కావాలి. జింక కొమ్ము ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

నాకు మొదటి ముక్క కోసిచ్చిన పెద్దాయన ఒకే మాట చెప్పారు: “నిప్పు దగ్గర పెట్టకు బాబూ, మళ్లీ కొమ్ములా వంగిపోతుంది.” వేడికి మెత్తబడే గుణం వల్లే కొమ్ము చెప్పినట్టు వంగుతుంది. మళ్లీ వేడి తగిలితే తన పాత వంపును వెతుక్కుంటుంది. కాబట్టి కొమ్ము పనిముట్టు చల్లటి పనికే.

ఏ తోలు

చెట్టు పట్టతోనో, కరక్కాయతోనో పదును చేసిన తోలైతే గీతను పట్టి నిలుపుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు స్పాంజిలాగా తిరిగి పైకి లేస్తుంది. కొనేటప్పుడు గోటితో గట్టిగా నొక్కి చూడండి. గుర్తు నిలిచిపోతే మీకు కావలసిన తోలే. కోసిన అంచు చూడండి. పట్ట తోలు లోపల కూడా గోధుమరంగే ఉంటుంది. క్రోమ్ తోలు మధ్యలో చాలాసార్లు నీలి బూడిదరంగు కనిపిస్తుంది. తంగేడు పట్టతో తోళ్లు పదును చేయడం మన దక్షిణాది పాత విద్య. దుకాణంలో ‘వెజ్ టాన్’ అని అడిగితే సులభంగా అర్థమవుతుంది.

అంచు సిద్ధం చేయడం

గీత అంచును చూసి నడుస్తుంది. అంచు వంకరైతే గీతా వంకరే. స్టీలు స్కేలు పెట్టి, పదునైన కత్తితో ఒకే లాగుడులో కోయండి. పొరలు అతికించినవైతే అతుకు ఆరాక గరుకు కాగితంతో అంచంతా ఒకటి చేయండి. తర్వాత అంచు మూలలను బెవెలర్‌తో సన్నగా చెక్కి గుండ్రం చేయండి. కొందరు గీత పెట్టాకే చెక్కుతారు. నేను ముందే చెక్కుతాను, అప్పుడే గీతకు, అంచుకు మధ్య మిగిలే పట్టీ సరిగ్గా కనిపిస్తుంది.

గీత అంచుకు ఎంత దూరంలో ఉండాలంటే, దాదాపు తోలు మందమంత. పర్సుకు 2 మిల్లీమీటర్లు, సంచికి 3, మందమైన బెల్టుకు మూడున్నర నుంచి 4. ఇంతకంటే దగ్గరైతే అంచు బయటికి ఉబ్బుతుంది.

పదును

తోలు పనిలో ఎక్కువమంది చెడగొట్టుకునేది ఈ చోటే. తొలకరి పడ్డాక రైతు వెంటనే నాగలి కట్టడు. నేల బురదగా ఉంటే దున్నినా గట్టిపడుతుంది, ఎండిపోతే నాగలి దిగదు. మధ్యలో ఒక పదును ఉంటుంది, దానికోసం ఆగుతాడు. తోలుకూ అంతే, ఇక్కడ పదును అంటే సరిపడా తడి.

శుభ్రమైన స్పాంజిని నీటిలో ముంచి, పిండి, నున్నటి వైపు అంతటా సమంగా తుడవండి. గీత పడే చోట మాత్రమే తడిపితే తడి ఆగిన చోట చారలు మిగిలిపోతాయి. తడిపిన వెంటనే తోలు ముదురు రంగులోకి మారుతుంది. ఇప్పుడు పని మొదలుపెట్టకూడదు. ఆ ముదురు రంగు విరిగి, తోలు తన అసలు రంగుకు దాదాపు వచ్చేదాకా ఆగండి. చెంపకు ఆనించి చూస్తే ఇంకా చల్లగా తగలాలి. చూపుకు ఆరినట్టుండి, స్పర్శకు చల్లగా ఉన్నప్పుడే సరైన పదును. ఎండాకాలంలో ఇది పది నిమిషాల్లోనే రావచ్చు. మా ఊళ్లో వానాకాలం గాలి నిండా తడే, అప్పుడు గంటైనా పడుతుంది. పంకా కింద పెట్టి తొందరపెట్టవద్దు, పైన ఆరి లోపల నానిపోయి ఉంటుంది. అలాగని రాత్రంతా తడి మూటగా వదిలేస్తే బూజు పడుతుంది.

తడి ఎక్కువైతే గీత వెడల్పుగా, మెత్తగా పడి మర్నాటికి పైకి లేచిపోతుంది. తక్కువైతే గీత అంచుల్లో పైపొర సన్నగా చిట్లుతుంది. అసలు ముక్కను ముట్టుకునే ముందు అదే తోలు మిగులు ముక్కమీద రెండు మూడు పదునుల్లో గీసి చూడండి. ఈ పదిహేను నిమిషాలు ఎప్పుడూ వృథా కావు.

గీత

గట్టి చెక్కమీద తోలు పరిచి, పని చేసే అంచు బల్ల చివరకు వచ్చేలా పెట్టండి. పొడవు కాలికి కింద జాగా కావాలి. కిటికీ పక్కన కూర్చోండి. వెలుగు పక్కనుంచి పడితే గీత నీడ కనిపిస్తుంది, నెత్తిమీది బల్బు కింద ఏమీ తెలియదు.

మొదటి లాగుడు దారి చూపడానికే. ముక్క కొననుంచి కాకుండా రెండు సెంటీమీటర్లు లోపలినుంచి మొదలుపెట్టి, పనిముట్టును కొంచెం మీ వైపు వాల్చి, అంచుకు ఆనించి, తేలిగ్గా మీ వైపు లాగండి. ఒత్తిడి కిందికి తక్కువగా, పక్కకు, అంటే అంచు వైపు ఎక్కువగా ఉండాలి. ఇది తిరగబడితేనే పనిముట్టు పట్టు తప్పి తోలు మధ్యలోకి జారుతుంది. మణికట్టును కదపకుండా మోచేయితో లాగండి. బెల్టు పొడవైతే నిలబడి వెనక్కు నడవండి. మధ్యలో ఆగాల్సి వస్తే పనిముట్టును ఎత్తి, ఒక అంగుళం వెనక్కు వెళ్లి మళ్లీ అందుకోండి. ఆగిన చోట నొక్కి ఉంచితే అక్కడ గుంట పడుతుంది.

రెండో లాగుడులో బరువు పెంచండి. మూడోది ఇంకొంచెం. ఒక్కసారి గట్టిగా నొక్కడంకంటే మూడుసార్లు సమంగా లాగడమే మేలు, నారలు విరగకుండా ఒదుగుతాయి. మొదట్లో వదిలేసిన రెండు సెంటీమీటర్లను చివర్లో ఎదురుదిశలో, లోపలినుంచి కొన వైపు తోయండి. ఇప్పుడు బరువు తీసేసి, వేగంగా ఐదారుసార్లు ముందుకూ వెనక్కూ రుద్దండి. రాపిడికి గీత అడుగు ముదురు గోధుమరంగు తేరి మెరుస్తుంది. కొమ్ము నునుపు విలువ ఈ చోట తెలుస్తుంది. గీసిన ప్రతిసారీ నేను ఆ మెరుపుకోసం తల వంచి చూస్తాను, ఇన్నేళ్లకూ ఆ ఆశ తీరలేదు.

మూల వచ్చినప్పుడు రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటిపోకూడదు. ముందే పెన్సిల్ కాకుండా మొద్దు సూదితో కలిసే చుక్క పెట్టుకుని, రెండు వైపులనుంచీ ఆ చుక్క దాకా మాత్రమే రండి. గుండ్రటి మూలల్లో పనిముట్టు కదపకుండా, రెండో చేత్తో తోలును తిప్పండి.

వేడితో గీత

క్రోమ్ తోలు చల్లటి గీతను నిలుపుకోదు కాబట్టి దానికి ఇత్తడి పనిముట్టును స్పిరిట్ దీపం మీద వేడి చేసి వాడతారు. ఇక్కడ తోలు పొడిగా ఉండాలి. తడిగా ఉన్న తోలు తక్కువ వేడికే ముడుచుకుపోతుంది. పట్ట తోలైతే నీటిలో సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్యే ముడుచుకుని చెక్కలా గట్టిపడుతుంది. ముందు మిగులు ముక్కమీద పరీక్షించండి. గీత కొంచెం ముదిరి మెరిస్తే వేడి సరిపోయింది. నల్లబడి, కాలిన వెంట్రుకల వాసన వస్తే ఎక్కువైంది, పనిముట్టును పొడి గుడ్డమీద తుడిచి కాసేపు ఆగండి. వేడి పనిముట్టును ఎక్కడా నిలపకూడదు. ముట్టిన క్షణంనుంచి ఎత్తేదాకా కదులుతూనే ఉండాలి.

కుట్టు, అంచు మెరుగు

కుట్టు వేసేదైతే రంధ్రాలు గీతలోనే పొడవండి. కుట్టాక గీతను ఒకసారి తేలిగ్గా మళ్లీ లాగితే దారం చుట్టూ లేచిన తోలు అణుగుతుంది. అంచును కొద్దిగా తడిపి చెక్క ముక్కతోనో, ముతక గుడ్డతోనో వేడెక్కేదాకా రుద్ది, తేనెమైనం పూసి మళ్లీ రుద్దండి. రంగు వేయదలిస్తే గీతకంటే ముందే వేయండి, తర్వాత వేస్తే గీతలో రంగు నిలిచి చిక్కబడుతుంది.

గీత పక్కకు జారిందా? తోలు ఇంకా తడిగా ఉంటే, ఆ చోట మళ్లీ తడిపి, వేలిగోటి వెనుక వైపుతో మెల్లగా రుద్దండి. లోతు తక్కువదైతే చాలావరకు పోతుంది. ఆరిపోయాకా, పైపొర తెగాకా మాత్రం ఏ ఉపాయమూ లేదు. ఇనుప మచ్చ పడితే నిమ్మరసం రాసి, తెల్లబడగానే నీటితో తుడిచేయండి. లేత మచ్చలైతే పోతాయి.

పని అయ్యాక కొమ్ము పనిముట్టును పొడి గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె రాసి ఉంచండి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. నెలల తరబడి మూలన పడేస్తే పురుగు తొలుస్తుంది. నా మొదటి పనిముట్టు పొట్టి కాలు అరిగి రెండుసార్లు ఆకురాయి పట్టించుకుంది, ఇప్పటికీ పర్సుల పనికి దాన్నే తీస్తాను.