పాత టేకు డైనింగ్ టేబుల్‌కు ఇంట్లోనే పాలిష్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఏళ్ల తరబడి ఎవరో భోజనం చేసిన బల్లను మనం కొని తెచ్చుకున్నప్పుడు, అది పీల్చుకున్న నూనె, పసుపు, దానిమీద రుద్దిన మైనం, తళతళల కోసం కొట్టిన స్ప్రే అన్నీ దానితోపాటే ఇంట్లోకి వస్తాయి. కొత్త పాలిష్‌లో కనిపించే లోపాలకు చాలావరకు మూలం అక్కడే ఉంటుంది. అయినా ఎక్కువమంది తెచ్చిన రోజునే గరుకు కాగితం చేతపట్టి బల్లను రుద్దడం మొదలుపెడతారు. నా మొదటి బల్ల విషయంలో నేనూ అదే చేసి, టేకు అనుకున్నది పలుచని టేకు పొర మాత్రమేనని, ఆ పొర అరిగి కింద ప్లైవుడ్ బయటపడిన తర్వాత గ్రహించాను.

కాబట్టి ముందుగా బల్ల అంచును చూడాలి. పైనున్న చారలు చెక్క చివర మందంలోకి కూడా కొనసాగుతుంటే అది అసలు కలప. అంచున వేరే పట్టీ అతికించి ఉంటే అది వెనీర్, అంటే పైన అతికించిన పలుచని చెక్క పొర కావచ్చు. వెనీర్ మందం తరచుగా అర మిల్లీమీటరు కూడా ఉండదు కనుక దానిమీద గరుకు కాగితం మిషన్ పెట్టకూడదు. సన్‌మైకా అయితే పాలిష్ ప్రయత్నమే వృథా. తరువాత బల్ల అడుగున ఒక మూల, స్పిరిట్‌లో తడిపిన దూదిని ఒక నిమిషం ఉంచాలి. పూత జిగటగా మారితే అది లక్కతో చేసిన ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్‌కు కరగక ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కు కరిగితే త్వరగా ఆరే ల్యాకర్ పూత, థిన్నర్‌కు కరగకుండా ముడతలు పడి లేస్తే నూనె వార్నిష్, దేనికీ చలించకపోతే మెలమైన్ లేదా పీయూ (పాలియురిథేన్) అనే గట్టి కృత్రిమ పూత అనుకోవచ్చు. ఇకపై చెప్పే పరిష్కారాలు చాలావరకు ఈ పరీక్షల ఫలితం మీద ఆధారపడి ఉంటాయి.

తెల్లటి వలయాలు

వేడి గిన్నె లేదా చెమ్మగిల్లిన గ్లాసు పెట్టిన చోట తేమ పాలిష్ పొరలో చిక్కుకోవడం వల్ల ఇవి ఏర్పడతాయి. మరక పూతలోనే ఉంది, చెక్కలో లేదు. లక్క లేదా ల్యాకర్ పూత అయితే, స్పిరిట్‌తో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డను వలయం మీద ఒత్తకుండా తేలికగా రెండు మూడుసార్లు తుడిస్తే చాలావరకు పోతుంది. దీనికోసం బల్లంతా గీకవలసిన పని లేదు.

నల్లటి మరకలు

ఇవి ఎంత రుద్దినా పోవు, ఎందుకంటే ఇవి చెక్క లోపలివి. ఇనుప పాత్ర అడుగు, తుప్పు పట్టిన మేకు లేదా నీటిలోని ఇనుము కలపలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లని పదార్థంగా మారుతుంది. పాత పూతను పూర్తిగా తీసేసిన తర్వాత, అర లీటరు వేడి నీటిలో సుమారు 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, మరక మీద మాత్రమే కాక బల్ల పైభాగమంతటా సమానంగా పూయాలి. మరక వరకే పూస్తే అక్కడ తెల్లని మచ్చ మిగులుతుంది. ఆరిన తర్వాత మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగి, బాగా ఎండనివ్వాలి. ఇది విషపదార్థం. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. కడగకుండా రుద్దితే ఆ పొడి ముక్కులోకి పోయి హాని చేస్తుంది. ఆ తర్వాత కూడా తడి చెక్క మీద స్టీల్ ఊల్ వాడితే దాని తునకలే మళ్లీ నల్లని చుక్కలవుతాయి.

పసుపు మరకలు

మన ఇళ్లలోని బల్లలకు ఇవి తప్పవు. సోడా లేదా సబ్బుతో కడిగితే పోకపోగా ఎర్రబడతాయి, ఎందుకంటే పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది. అదే కుర్కుమిన్ సూర్యకాంతికి నిలవలేదు. పూత తీసిన చెక్కను కొన్ని రోజులు పొద్దుటి ఎండ తగిలేచోట ఉంచితే మరక వెలిసిపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో మాత్రం పెట్టవద్దు, పలకలు వంగే ప్రమాదం ఉంది.

వార్నిష్ ఆరకపోవడం

టేకు, రోజ్‌వుడ్ బల్లలతో వచ్చే అసలు తలనొప్పి ఇదే. రెండు రోజులైనా వేలు అంటుకుంటుంటే ఆ జిగట ఎలా పరుచుకుందో ముందు గమనించాలి. బల్లంతా ఒకేలా ఉంటే కారణం పూత మందంగా వేయడమో, డబ్బా పాతబడడమో, వానాకాలపు చెమ్మో అయి ఉంటుంది; ఫ్యాను గాలి ఆడేలా ఉంచి ఇంకొన్ని రోజులు ఆగితే సర్దుకోవచ్చు. అలాకాక ఒక పలక మీద ఆరి, పక్క పలక మీద ఆరకుండా ఉంటే తప్పు కలపది. టేకును చెదల నుంచి కాపాడే సహజ పదార్థాలే నూనె వార్నిష్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే చర్యను అడ్డుకుంటాయి.

అలాంటప్పుడు పైన ఇంకో కోటు వేయడం పెద్ద పొరపాటు. జిగట పూతను థిన్నర్‌తో పూర్తిగా తీసి, శుభ్రమైన తెల్లగుడ్డకు థిన్నర్ అద్ది, గుడ్డకు గోధుమరంగు అంటడం బాగా తగ్గేదాకా తుడవాలి. లోపలి నూనె కొంతసేపటికి మళ్లీ పైకి వస్తుంది కనుక, థిన్నర్ ఆరిన గంటలోపే మొదటి పూత పడాలి. ఆ మొదటి పూత మైనం తీసిన లక్క అయితే అది అడ్డుగోడలా పనిచేస్తుంది. లక్క పెచ్చులను స్పిరిట్‌లో కరిగించి కదపకుండా కొన్ని రోజులు ఉంచితే మైనం అడుగుకు దిగుతుంది. పైన తేరిన ద్రవాన్ని మాత్రమే వంపుకొని వాడాలి. మైనం ఉన్న లక్క మీద పీయూ సరిగా పట్టదు. థిన్నర్ పని కిటికీలు తెరిచి, పొయ్యికి, దీపానికి దూరంగా చేయాలి.

పూతలో చిన్న చిన్న గుంటలు

బ్రష్ వేసిన మరుక్షణమే పూత అక్కడక్కడ పక్కకు తొలగి, చేపకన్నులాంటి గుంటలు పడితే పాత యజమాని వాడిన సిలికాన్ స్ప్రే చెక్కలో మిగిలి ఉందని అర్థం. గరుకు కాగితం సిలికాన్‌ను తీసివేయదు, ఇంకా విస్తరింపజేస్తుంది. తడిగా ఉండగానే పూతను తుడిచేసి, మినరల్ టర్పెంటైన్‌తో, ప్రతిసారీ గుడ్డ మారుస్తూ మూడు నాలుగుసార్లు తుడిచి, ఇందాక చెప్పిన లక్క కోటు వేస్తే సమస్య తీరుతుంది.

పాలలాంటి మసక

విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో, లేదా ఎక్కడైనా ముసురు రోజుల్లో ల్యాకర్ వేస్తే, థిన్నర్ ఆవిరయ్యే వేగానికి పూత చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది. పొడి వాతావరణం వచ్చాక పైన పలుచగా నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ వేస్తే మసక విడిపోతుంది. రోహిణి కార్తె ఎండలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది: చెక్క వేడెక్కి రంధ్రాల్లోని గాలి వ్యాకోచించడం వల్ల పూతలో బుడగలు లేస్తాయి. నీడలో, సాయంత్రం పూట పని చేయడం మేలు.

పాలిష్ వేశాక గీతలు బయటపడడం

80 నంబరు ముతక కాగితం నుంచి నేరుగా సన్నని 220కి దూకితే మొదటి కాగితం చేసిన గీతలు చెక్కలోనే ఉండిపోయి, రంగు పడగానే పైకి తేలతాయి. 80, 120, 180, 220 వరుసలో, చివరగా చారల వెంబడే చేత్తో రుద్దాలి. మధ్యమధ్య టార్చిలైటును బల్లకు దాదాపు సమాంతరంగా పట్టుకొని చూస్తే గీతలు ముందే దొరుకుతాయి. అక్కడక్కడ రంగు పట్టని తెల్లని మచ్చలుంటే అవి తుడవకుండా వదిలేసిన ఫెవికాల్ జాడలు.

సన్నని పిండి రాలడం

ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాల నుంచి మెత్తని పిండి రాలుతుంటే అది పుచ్చు పురుగు. కింద నల్లగుడ్డ పరిచి వారం చూడాలి. కొత్తగా పిండి పడకపోతే బహుశా పురుగు లేనట్లే, రంధ్రాలు లప్పంతో పూడ్చవచ్చు. పడుతుంటే పాలిష్‌కు ముందే మందు ఎక్కించాలి, ఎందుకంటే పూత వేశాక మందు లోపలికి దిగదు.

కాళ్లు ఊగడం

పాత జిగురు మీద కొత్త ఫెవికాల్ పట్టదు. కీలు విప్పి, పాతదంతా చెక్క కనిపించేదాకా గీకి, అప్పుడే అతికించి, ఒకరోజు బిగించి ఉంచాలి.

పైపలక విల్లులా వంగడం

పైన మాత్రమే పూత వేసి, అడుగు వదిలేస్తే రెండు వైపులా తేమ పీల్చే వేగం వేరవుతుంది. అడుగున కూడా అన్నే కోట్లు వేసి, పలక కదలడానికి వీలుగా మరలు బిగించే రంధ్రాలను కొంచెం వెడల్పు చేయాలి.

ప్లాస్టిక్ కవరు అతుక్కుపోవడం

చేతికి అంటకపోయినంత మాత్రాన వార్నిష్ గట్టిపడినట్లు కాదు. అందుకు మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆలోపు కవరు పరిస్తే, అందులోని మెత్తదనం ఇచ్చే రసాయనాలు పూతను మెత్తబరచి కవరు అచ్చును దానిమీద దింపుతాయి. అచ్చు తేలికగా ఉంటే మరో పదిహేను రోజులు ఆగి, 400 కాగితంతో తడిపి రుద్ది, పైన ఒక పలుచని కోటు వేస్తే సరిపోతుంది. లిన్సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయవద్దు. అవి వాటంతటవే వేడెక్కి మండిపోవచ్చు. బయట విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచి ఉంచాలి.