సీల్స్ మీద రీసెర్చ్ చేయాలనుకునే పశువైద్యులకు

తిరుపతిలో వెటర్నరీ చదివి, ఇప్పుడు స్కాట్లాండ్ తూర్పు తీరంలో సీల్స్ (సముద్రంలో వేటాడి ఒడ్డున పడుకునే క్షీరదాలు) ఆరోగ్యం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. జూనియర్లు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది ఇదే: "అక్కా, సీల్‌ని పట్టుకుని రక్తం తీస్తారా?" తీస్తారు. కానీ అది అరుదు, ఖర్చు ఎక్కువ, లైసెన్సులు చాలా కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టుకుంటే దానికి చాలా టెన్షన్. అందుకే దాన్ని ముట్టుకోకుండా తెలుసుకోగలిగినదంతా ముందు తెలుసుకోండి. మిగిలిన ప్రశ్నకే వల వేయండి.

మొదట ప్రశ్న ఎంచుకోవాలి. "సీల్స్‌కి వచ్చే రోగాలు" అని రాసుకుంటే మూడేళ్లయినా తేలదు. ఇక్కడ రెండు జాతుల సీల్స్ ఉంటాయి: హార్బర్, వాటికంటే పెద్దవైన గ్రే. హార్బర్ సీల్స్‌నే చూడండి. ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో 1997 తర్వాత ఇరవై ఏళ్లలో వాటి లెక్క దాదాపు 85 శాతం పడిపోయింది. అదే దేశంలో పశ్చిమ తీరాన మాత్రం నిలకడగా ఉన్నాయి. తిండికి గ్రే సీల్స్‌తో పోటీయా, వాటి చేతిలోనే చావా, కిల్లర్ వేల్సా, సముద్రపు సూక్ష్మ నాచు నుంచి చేపల్లోకి వచ్చే డోమోయిక్ యాసిడ్ అనే విషమా? వీటిలో ఒక్కదాన్ని, ఒక్క తీరానికి పరిమితం చేసి పట్టుకోండి.

రోగాల విషయంలో మన చదువు ఇక్కడ బాగా పనికొస్తుంది. 1988లోనూ 2002లోనూ యూరప్ తీరాల్లో వేల సీల్స్‌ని చంపిన వైరస్, కుక్కల డిస్టెంపర్‌కీ మన మేకల్లో వచ్చే పారుడు రోగానికీ చుట్టమే. ఇంగ్లండ్‌లోని వాష్ ప్రాంతంలో మొదటిసారి సగం సీల్స్ పోయాయి. రెండుసార్లూ ముందు బయటపడింది డెన్మార్క్‌కి చెందిన ఆన్‌హోల్ట్ దీవి దగ్గరే. మందల్లో రోగం ఎలా పాకుతుందో పల్లెల్లో చూసినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

తర్వాత క్యాలెండర్. హార్బర్ సీల్స్ జూన్, జూలైల్లో ఈనుతాయి, ఆగస్టులో బొచ్చు మార్చుకుంటాయి. గ్రే సీల్స్ శరత్కాలంలో ఈనుతాయి. హార్బర్ పిల్ల పుట్టిన కొన్ని గంటల్లోనే ఈదుతుంది, కానీ మూడు నాలుగు వారాలు తల్లి పాలమీదే బతకాలి. ఆ రోజుల్లో మీరు దగ్గరికి వెళ్తే తల్లి నీళ్లలోకి దూకుతుంది, పిల్లకు పాలు తప్పిపోతాయి. ఇక్కడ ఆటుపోట్ల పట్టికను మన ఇళ్లలో పంచాంగం చూసినట్టు రోజూ చూస్తాం. సీల్స్ ఆటులో బయటపడే ఇసుక దిబ్బలమీదా రాళ్లమీదా పడుకుంటాయి కాబట్టి పని వేళలు దాన్ని బట్టే.

లెక్కపెట్టడం ఆగస్టులో, మధ్యాహ్నపు ఆటుకి రెండు గంటలు అటూఇటూ. పెద్ద సర్వేలు హెలికాప్టర్ నుంచి థర్మల్ కెమెరాతో చేస్తారు. మీకు టెలిస్కోప్ చాలు. కొత్తవాళ్లు లాక్ ఫ్లీట్ ఉప్పుటేరు దగ్గర మొదలుపెట్టండి, దక్షిణపు ఒడ్డున రోడ్డు పక్కనుంచే దిబ్బలమీది సీల్స్ కనిపిస్తాయి. మీరు 180 లెక్కపెట్టారనుకుందాం. బొచ్చు రాలే కాలంలో ఆటు వేళ సుమారు 72 శాతమే ఒడ్డున ఉంటాయని ట్యాగులు పెట్టి చేసిన అధ్యయనంలో తేలింది. 180ని 0.72తో భాగిస్తే 250. ఆ 72 మీదే 54 నుంచి 88 దాకా సందేహం ఉంది, అంటే అసలు సంఖ్య 205 నుంచి 333 మధ్య ఎంతైనా కావచ్చు. థీసిస్‌లో 250 ఒక్కటే రాసి ఊరుకోకండి. ఆ వెడల్పు కూడా రాయండి, ఎందుకంటే రక్షణ నిర్ణయాలు దానిమీదే నడుస్తాయి.

ఫొటోలు తీసేటప్పుడు మెడమీది మచ్చలు స్పష్టంగా పడాలి. ఒక్కో సీల్‌కి అవి వేరు, జీవితాంతం గుర్తుపట్టొచ్చు. ఎడమవైపు మచ్చలు, కుడివైపు మచ్చలు ఒకేలా ఉండవు, కాబట్టి ఏ వైపు తీశారో ప్రతిసారీ నోట్ చేయండి. తడిసిన బొచ్చూ ఆరిన బొచ్చూ కూడా వేరుగా కనిపిస్తాయి. అదే ఫొటోలో ఒళ్లు చిక్కిందా, మెడకు వల దారం బిగుసుకుందా అన్నవి కూడా చూడండి. ఒక్క సీల్ తలెత్తి మీ వైపు చూసినా అక్కడే ఆగండి. రెండు మూడు నీళ్లవైపు కదిలితే వెనక్కి వచ్చేయండి.

మలం సేకరణకు ఎవరూ ఇష్టంగా ముందుకు రారు గానీ, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే విలువైన పని. సీల్స్ వాటంతట అవి వెళ్లాక, పోటు రాళ్లను కప్పకముందు వెళ్లాలి. జూన్, జూలైల్లో వద్దు. ప్రతి నమూనాకీ వేరే సంచి, వేరే గ్లౌజులు, తేదీ, చోటు. కొంత భాగాన్ని విషం పరీక్షకూ డీఎన్ఏకూ ఫ్రీజర్లో పెట్టాలి. రెండు జాతులూ ఒకే రాయిమీద పడుకుంటాయి కనుక ఏది ఎవరిదో డీఎన్ఏ ద్వారానే తెలుస్తుంది. మిగిలింది సన్నని జల్లెడలో కడిగితే చేప చెవిలోని చిన్న రాళ్లు దొరుకుతాయి. వాటి ఆకారం ఏ చేపో చెబుతుంది, పరిమాణం ఆ చేప ఎంతదో చెబుతుంది.

చచ్చిన సీల్ కనబడితే కత్తి తీయకండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు, ముక్కు నుంచి తోక దాకా పొడవు, చోటు రాసుకుని స్కాట్లాండ్ తీర జంతువుల మృతదేహాలను పరిశీలించే స్మాస్ (SMASS) అనే సంస్థకి తెలపండి. కారణం తేల్చడంలో తొందర పనికిరాదు. ఒంటిచుట్టూ మెలి తిరిగిన కోతతో కొట్టుకొచ్చిన సీల్స్‌ని చూసి, పడవల ప్రొపెల్లర్లే కారణమని కొన్నేళ్లు అనుమానించారు. 2014 డిసెంబర్‌లో ఐల్ ఆఫ్ మే దీవిలో ఒక పెద్ద మగ గ్రే సీల్ తన జాతి పిల్లలనే చంపుతుంటే పరిశోధకులు కళ్లారా చూశారు. గాయాలు అచ్చం అవే. ప్రతి గాయం పక్కనా "ఇంకేం కావచ్చు?" అని ఒక గడి పెట్టుకోండి.

చట్టం గురించి క్లుప్తంగా. స్కాట్లాండ్‌లో 2010 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సీల్‌ని పట్టినా గాయపరిచినా నేరం. ప్రకటిత విశ్రాంతి స్థలాల్లో వేధించినా నేరమే. రక్తం, కొవ్వు పొర ముక్క తీయాలంటే 1986 జంతు ప్రయోగాల చట్టం కింద హోం ఆఫీసు లైసెన్సులు ఉండాలి. మన బీవీఎస్సీ పట్టా దానికి బదులు కాదు. మీరు కూడా జాగ్రత్త: సీల్ కాటు నుంచి వేలికి "సీల్ ఫింగర్" అనే ఇన్ఫెక్షన్ వస్తుంది. మామూలు పెన్సిలిన్ దానిమీద పనిచేయదు, టెట్రాసైక్లిన్ రకం కావాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లగానే సీల్ అని చెప్పండి, లేకపోతే వాళ్లకు తట్టదు.

అడ్మిషన్ కోసం సెయింట్ ఆండ్రూస్‌లోని సీ మామల్ రీసెర్చ్ యూనిట్ లాంటి చోట్లకు రాసేటప్పుడు సీల్స్ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమని రాయొద్దు. మీరు చేసిన పోస్ట్‌మార్టం రిపోర్టు ఒకటి, సొంతంగా విశ్లేషించిన డేటా ఒకటి జతచేయండి, మన తీరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లదైనా సరే. గణాంకాలకు వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని ఉంటే ఆ కోడ్ కూడా పంపండి. తర్వాత ఒక పేరాలో మీ ప్రశ్న, దానికి ఏ తీరం, ఏ నెలలు, ఏ నమూనాలు కావాలో రాయండి.