కుక్కకు మోషన్ రావడం లేదా? ఇసబ్‌గోల్ కలిపే ముందు ఇవి చూడండి

సమస్య: ముక్కుతోంది, ఏమీ రావడం లేదు

వాకింగ్‌లో నాలుగైదు చోట్ల వంగి కూర్చుని, ముక్కి ముక్కి, చివరికి రెండు గట్టి ఉండలు వేసి లేస్తే అది చాలావరకు మలబద్ధకమే. అయితే ముందు మూత్రం పోస్తోందో లేదో చూడండి. మూత్రం ఆగిన మగకుక్క కూడా అచ్చం ఇలాగే ముక్కుతుంది. అలాగైతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జిగట విరేచనాలప్పుడూ ముక్కుతుంది కాబట్టి ఏం పడిందో కూడా చూడాలి.

కారణం

మన వైపు మొదటి అనుమానం ఎముకల మీదే. ఆదివారం నాటుకోడి వండితే సంగటితో పాటు ఎముకలన్నీ కుక్కకే. మర్నాడు పడిన ఉండను కవర్‌తో పట్టి నొక్కండి. తెల్లగా ఉండి సుద్దముక్కలా పొడిపొడిగా విరిగితే అది ఎముకల పనే. ఈ రకానికి ఇసబ్‌గోల్ లాంటి పీచు మందు కాదు. ఎముకలు ఆపాలి, లోపల గట్టిగా ఇరుక్కుంటే డాక్టరే తీయాలి. పులుసు కూడా వద్దు, అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్కకు హాని.

రెండోది నీళ్లు. తిరుపతి ఎండల్లో మేడ మీద పెట్టిన గిన్నెలో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, కుక్క ముట్టదు. ఒంట్లో నీరు తగ్గితే పెద్దపేగు మలంలోని తడినంతా లాగేస్తుంది.

ఇక బొచ్చుకుక్కల్లో తోక కింద వెంట్రుకలు అట్టకట్టడం, మలద్వారం పక్కనున్న గ్రంథులు వాయడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ముసలి మగకుక్కల్లో ప్రోస్టేట్ (మూత్రాశయం దగ్గరుండే గ్రంథి) పెరగడం కూడా కారణాలే.

పరిష్కారం

కుక్క హుషారుగా ఉండి, తింటూ, మలం మాత్రమే గట్టిపడితే ఇసబ్‌గోల్ పనిచేస్తుంది. ఈ పొట్టు నీళ్లు పీల్చి జిగురుగా ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. నీళ్లు లేకుండా పొడిగా చల్లితే ఉన్న తడినీ పీల్చేసి ఇంకా బిగిస్తుంది. చాలామంది ఇళ్లలో మందు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

పది కిలోల కుక్కకు అర టీస్పూన్‌తో మొదలుపెట్టండి. అర గ్లాసు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, పెరుగన్నంలోనో సంగటిలోనో రోజుకోసారి కలపండి. ఫలితానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. వేరే మందులుంటే రెండు గంటల తేడా ఉంచండి. రుచులు కలిపిన ప్యాకెట్లు కొనకండి. షుగర్ ఫ్రీ సరుకుల్లో వాడే జైలిటాల్ కుక్కలకు విషం.

గుమ్మడికాయైనా సరే. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి కాదు, కూరకు వండే ఎర్ర గుమ్మడి. ఉప్పు, నూనె లేకుండా ఉడికించి మెదిపి, మధ్యరకం కుక్కకు ఒకట్రెండు టేబుల్ స్పూన్లు. గ్యాస్ ఎక్కువైతే తగ్గించండి.

పీచు ఇవ్వకూడని పరిస్థితి

వాంతులు, పొట్ట ఉబ్బరం, రక్తం, తిండి మానేయడం: వీటిలో ఏది కనిపించినా పీచు పెట్టకండి. పేగులో బట్టో బంతో అడ్డుపడి ఉంటే ఉబ్బిన పొట్టు దాన్ని మరింత మూసేస్తుంది. మనుషుల విరేచనం మాత్రలు, మలద్వారం గుండా ఎక్కించే ఫాస్ఫేట్ ఎనిమా కూడా వద్దు. ఆముదం నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తిరుపతిలోనైతే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వైపు వాళ్లు దగ్గరలోని పశువైద్యశాలకు వెళ్లండి. పడిన మలాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకెళ్తే డాక్టర్‌కు సగం ప్రశ్నలు తగ్గుతాయి.